ఎండుకొమ్మలు: ఎప్పుడు తీయాలి? ఎలా తీయాలి?



చెట్టు బతికే ఉంటుంది, కాని దాని కొమ్మ ఒకటి చచ్చిపోయి ఉంటుంది. పెద్ద చెట్లన్నిటికీ ఇది మామూలే. వంటచెరకు కోసం ఎండుకొమ్మ విరవడం మన ఊళ్లలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాని చెట్టుకి దెబ్బ తగలకుండా, కింద ఉన్న మనిషికి దెబ్బ తగలకుండా దాన్ని తీయడం వేరే విద్య. పుస్తకాల్లో చదివింది, మా మామ దగ్గర చూసి నేర్చుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. మా మామ కాఫీతోటల్లో నీడచెట్ల కొమ్మలు కొట్టే పనికి వెళ్తాడు.

1. కొమ్మ ఎందుకు చస్తుంది?

మొదటి కారణం నీడ. చెట్టు పెరిగేకొద్దీ పైకొమ్మలు ఎండని అందుకుంటాయి. కిందకొమ్మలకి వెలుతురు అందదు. వెలుతురు లేని ఆకు ఆహారం తయారుచేయలేదు. అలాంటి కొమ్మని చెట్టే వదిలేస్తుంది. అడవిలో మద్దిచెట్టు కింద చాలా ఎత్తువరకు కొమ్మల్లేకుండా నున్నగా ఉండటం మీరు చూసే ఉంటారు. అది ఎవరూ కొట్టింది కాదు, చెట్టు తనంత తానే రాల్చుకున్నది.

రెండో కారణం వేర్లకి దెబ్బ. మొదలు చుట్టూ సిమెంటు చేసినా, మట్టి ఎత్తుగా పోసినా, పైపుల కోసం గొయ్యి తవ్వి వేర్లు నరికినా పైన కొమ్మలు ఎండుతాయి. వెంటనే ఎండవు, ఒకటి రెండేళ్లకి కూడా ఎండొచ్చు. అందుకే కారణం ఎవరికీ గుర్తురాదు.

మూడోది పురుగు, తెగులు. మామిడికి కాండం తొలిచే పురుగు పడుతుంది. రంపపుపొట్టులాంటి పొడి కింద రాలుతూ ఉంటే అది లోపల ఉన్నట్టు. ఎండుతెగులు అయితే కొమ్మ చివరినుంచి మొదలై వెనక్కి వస్తుంది.

నాలుగోది బదనిక. మామిడి మీద వేరే రకం ఆకులతో గుబురుగా పెరిగే మొక్క ఇది. పిట్టలు దీని పండు తిని జిగట గింజని కొమ్మకి అంటిస్తాయి. అది కొమ్మలోకి వేరుదించి నీళ్లు తాగేస్తుంది. బదనిక పచ్చగానే ఉంటుంది, దాని అవతల ఉన్న మామిడి కొమ్మ మాత్రం మాడిపోతుంది.

ఇవి కాక పిడుగు, గాలివాన, చెట్టు కింద మంటలు కూడా కారణాలే.

2. చచ్చిందా, ఆకు రాల్చిందా?

ఇది బాగా చూసుకోవాలి. మాఘ ఫాల్గుణాల్లో వేపచెట్టు ఆకంతా రాల్చి ఎండినట్టే కనబడుతుంది. బూరుగు కూడా అంతే. అప్పుడు ఏ కొమ్మ బతికుందో, ఏది చచ్చిందో కింద నుంచి తెలియదు. అందుకని చెట్టు నిండా ఆకులున్న రోజుల్లోనే చూసి గుర్తుపెట్టుకోవాలి. పచ్చటి చెట్టులో ఆకులేని కొమ్మ ఇట్టే కనబడుతుంది.

అందే ఎత్తులో ఉంటే గోటితో బెరడు కొంచెం గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికుంది. గోధుమరంగులో పొడిగా ఉంటే చచ్చింది. చిన్న పుల్ల వంచితే బతికున్నది వంగుతుంది, చచ్చినది టప్పున విరుగుతుంది. ఒక్క పుల్ల చచ్చిందని కొమ్మంతా చచ్చినట్టు కాదు. చివరినుంచి మొదటివైపు రెండు మూడు చోట్ల గీకి చూడాలి.

అందనంత ఎత్తులో ఉంటే ఈ గుర్తులు చూడండి: బెరడు ఊడి తెల్లటి చెక్క బయటపడటం, కొమ్మ మీద పుట్టగొడుగులు, పలకల్లాంటి గట్టి బూజు, వడ్రంగిపిట్ట పొడిచిన బొక్కలు, చెదల మట్టిదారి.

3. ఒక చిన్న లెక్క

వానాకాలంలో మన పళ్లేలు కడిగే గట్టు మీద పెద్దమామిడి కొమ్మ ఒకటి రాత్రిపూట విరిగిపడింది. దెబ్బ ఎవరికీ తగల్లేదు. మర్నాడు నేనూ మా గది వాళ్లూ టేపుతో కొలిచాం. పొడవు 3 మీటర్లు. మందం 15 సెంటీమీటర్లు, అంటే వ్యాసార్ధం 0.075 మీటరు.

లెక్కల పుస్తకంలో స్థూపం ఘనపరిమాణం సూత్రం ఉంది కదా. 3.14 × 0.075 × 0.075 × 3 = సుమారు 0.053 ఘనపు మీటర్లు. ఆరిన మామిడి చెక్క ఘనపు మీటరుకి 600 కిలోలు అనుకుంటే, కొమ్మ బరువు సుమారు 32 కిలోలు. మన స్టోరు గదిలో 50 కిలోల బియ్యం బస్తా ఉంటుంది. అందులో సగం కంటే ఎక్కువన్నమాట.

అది ఉన్న ఎత్తు 6 మీటర్లు. వేగం వర్గం = 2 × 9.8 × 6 = 117.6. కాబట్టి నేలని తాకేటప్పుడు వేగం సెకనుకి 10.8 మీటర్లు, అంటే గంటకి దాదాపు 39 కిలోమీటర్లు. కింద పడటానికి పట్టే టైము 1.1 సెకను. టప్పుమన్న చప్పుడు విని తల పైకెత్తి చూసేలోపే అది కిందికొచ్చేస్తుంది. సాయంత్రం భోజనాలయ్యాక ఆ గట్టు దగ్గర మనం ఎంతమంది ఉంటామో మీకు తెలుసు.

ఇంకో సంగతి. ఎండుకొమ్మ గాలికే పడుతుందని అనుకోకూడదు. పుచ్చిన చెక్క వాననీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, బలం మాత్రం పెరగదు. అందుకే వాన వెలిసి గాలిలేని పూట కూడా కొమ్మలు విరిగిపడతాయి.

4. ఏది తీయాలి, ఏది ఉంచొచ్చు?

ప్రతి ఎండుకొమ్మనీ తీసెయ్యాలని నేను అనడంలేదు. కొమ్మ కింద ఏముందో చూడాలి. దారి, కుళాయిలు, బడిగంట, వాలీబాలు కోర్టు, వంటగది రేకులు, బట్టలారేసే తీగలు ఉంటే తీయాలి. ఎవరూ తిరగని మూల అయితే ఉంచొచ్చు. ఎండుకొమ్మ తొర్రల్లో చిలకలు, గోరువంకలు, గుడ్లగూబలు గూళ్లు పెడతాయి. గుడ్లగూబ ఉంటే మన స్టోరు గది దగ్గర ఎలుకలు తగ్గుతాయి. అది కూడా మనకి లాభమే.

బొటనవేలంత మందం ఉన్న ఎండుపుల్లలతో పెద్ద భయం లేదు. మణికట్టు కంటే లావుగా ఉండి, మనుషులు తిరిగే చోట వేలాడుతున్నవి ముందు తీయించాలి. సగం విరిగి ఇంకో కొమ్మలో చిక్కుకుని ఆగినవి అన్నిటికంటే ప్రమాదం. వాటి కిందికి ఎవరూ వెళ్లకుండా తాడు కట్టాలి.

5. ఎప్పుడు తీయాలి?

ప్రమాదం ఉన్న కొమ్మకి కాలం చూడక్కర్లేదు, తెరిపి ఉన్న మొదటి రోజే తీయాలి. చచ్చిన చెక్కని కోస్తే చెట్టుకి కొత్త గాయం కాదు కాబట్టి ఏ నెలలోనైనా తీయవచ్చు. అయితే మన కొండల్లో పనికి వీలుగా ఉండే రోజులు చూసుకోవాలి.

జూలైలో ఆకు నిండుగా ఉంటుంది. అప్పుడు ఒకసారి చెట్లన్నీ చూసి, తీయాల్సిన చెట్టు మొదలుకి సున్నంతో గుర్తుపెట్టాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన తగ్గి బెరడు ఆరిన రోజు చూసి తీయించాలి. ఎందుకంటే అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానులు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలికి విశాఖలోనే కాక మన ఏజెన్సీ కాఫీతోటల్లో కూడా చాలా సిల్వర్ ఓకు చెట్లు కూలిపోయాయి. అంత గాలికి పచ్చిచెట్లే ఆగలేదు, ఎండుకొమ్మ ఎంత?

రెండోసారి జనవరిలో చూడాలి. గాలివానలు వచ్చే ఏప్రిల్, మే నెలలకి ముందే ఆ పని అయిపోవాలి. చిలకలు గూళ్లు పెట్టే రోజులు కూడా దగ్గరపడతాయి కాబట్టి తొర్ర ఉంటే ముందు కాసేపు నిలబడి గమనించాలి. పిట్ట లోపలికీ బయటికీ తిరుగుతుంటే, ప్రమాదం లేని కొమ్మ అయితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాలి.

మామిడిలో తెగులు పట్టిన కొమ్మ అయితే కొంచెం పచ్చిభాగం కూడా కోయాలి. దానికి కాయకోత అయ్యాక ఉండే రోజులు మంచివి. అప్పుడు కోస్తే కొత్త చిగురుకి టైము ఉంటుంది.

వాన పడుతున్నప్పుడు, గాలి ఉన్నప్పుడు, ఉరుములు వినబడుతున్నప్పుడు, చీకటి పడ్డాక ఈ పని చేయకూడదు.

6. ఎక్కడ కోయాలి?

ఈ వ్యాసంలో ముఖ్యమైన భాగం ఇదే.

కొమ్మ మానుకి అతికిన చోట జాగ్రత్తగా చూడండి. చుట్టూ కొంచెం ఉబ్బెత్తుగా, ముడతలుగా ఒక పట్టీ ఉంటుంది. చొక్కాకి కాలరు ఉన్నట్టే ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో కూడా దాని పేరు కాలరే. నేను కొమ్మ మెడ అని రాస్తాను. ఈ మెడ మానుకి చెందినది, కొమ్మకి కాదు. కొమ్మ చచ్చినా మెడ బతికే ఉంటుంది. ఎండుకొమ్మ అయితే మెడ ఇంకా ముందుకి పెరిగి, చచ్చిన చెక్కని గుండ్రంగా పట్టుకుని ఉంటుంది.

కోత ఈ మెడకి బయట, చచ్చిన చెక్కలోనే పడాలి. మెడకి దెబ్బ తగలకూడదు. మెడ రెండు మూడు అంగుళాలు బయటికి వచ్చి ఉన్నా సరే, అది ఆగిన చోటే కోయాలి.

ఎందుకంటే, మన చేతికి గాయమైతే అదే చోట కొత్త కండ వచ్చి మానుతుంది. చెట్టుకి అలా మానదు. పాడైన చెక్క పాడైనట్టే ఉంటుంది. చెట్టు చేసేదల్లా దాని చుట్టూ గోడ కట్టి, పుచ్చు లోపలికి పాకకుండా ఆపడం, తర్వాత అంచులనుంచి కొత్త చెక్కని పెంచి పైన మూసెయ్యడం. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో (1930–2006) అనే శాస్త్రవేత్త వేలకొద్దీ చెట్లని రంపంతో నిలువునా కోసి ఈ సంగతి వివరించాడు. కొమ్మ మొదట్లో ఆ గోడ కట్టేది ఈ మెడ దగ్గరే. మెడని నరికేస్తే గోడ కట్టే మేస్త్రీని పంపించేసినట్టే.

మామూలుగా రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి, నున్నగా బాగుంటుందని మానుకి సమానంగా చెక్కేయడం. మెడ పోతుంది, గాయం పెద్దదవుతుంది, పుచ్చు మానులోకి దిగుతుంది. రెండోది, జానెడో మూరెడో మొండి వదిలేయడం. ఆ మొండి మీద బెరడు మూసుకోలేదు. అది పుచ్చి, నీళ్లు నిలిచి, తొర్ర అవుతుంది. చొక్కా తగిలించుకోవడానికి బాగుంటుంది గానీ చెట్టుకి బాగుండదు.

7. మూడు కోతలు

లావుకొమ్మని ఒకే కోతలో కోస్తే సగం తెగేసరికి బరువుకి విరిగి, కింద బెరడుని చీల్చుకుంటూ మాను మీదికి దిగుతుంది. అందుకని మూడు కోతలు వేయాలి.

మొదటి కోత: మానుకి మూరెడు దూరంలో, కొమ్మకి కింది వైపునుంచి పైకి, మందంలో మూడోవంతు వరకు.

రెండో కోత: మొదటి కోతకి రెండు మూడు అంగుళాలు బయటగా, పైనుంచి కిందికి. కొమ్మ ఇక్కడ విరిగి పడుతుంది. చీలిక వచ్చినా మొదటి కోత దగ్గర ఆగిపోతుంది.

మూడో కోత: మిగిలిన మొండిని మెడకి బయటగా నెమ్మదిగా కోయాలి. దీనికి గొడ్డలి పనికిరాదు, రంపమే వాడాలి. గొడ్డలి దెబ్బ ఒకటి తప్పినా మెడ చీలుతుంది.

కింద రేకులో గోడో ఉంటే కోయకముందే కొమ్మకి మోకు కట్టి, పైన ఉన్న బలమైన పచ్చికొమ్మ మీదుగా వేసి, కిందినుంచి పట్టుకుని మెల్లగా దింపాలి.

సన్నటి ఎండుమండలకి ఇంత పని అక్కర్లేదు. మామిడికాయలు కోసే దోటితో లాగితే వస్తాయి. లాగేవాళ్లు సరిగ్గా కింద నిలబడకుండా పక్కకి నిలబడాలి. తలకి గుడ్డ కట్టుకుని, కళ్లలో పొడి పడకుండా చూసుకోవాలి.

8. కోతకి మందు పూయాలా?

కొందరు తారు పూస్తారు, కొందరు పేడ, మట్టి మెత్తుతారు. మెడకి బయట, చచ్చిన చెక్కలో కోసినప్పుడు ఏమీ పూయక్కర్లేదు. పూత వల్ల పుచ్చు ఆగదు. పూత కింద తడి నిలిస్తే పుచ్చుకే మేలు.

మామిడి ఎండుతెగులు వేరు. అక్కడ ఎండిన భాగానికి మూడు అంగుళాలు లోపలికి, ఆరోగ్యంగా ఉన్న చోట కోయాలి. అది పచ్చిగాయం కాబట్టి బోర్డో పేస్టు పూస్తారు. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. మైలుతుత్తం సగం నీళ్లలో, సున్నం సగం నీళ్లలో వేరువేరుగా కలిపి తర్వాత రెండూ కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు, ప్లాస్టిక్ బకెట్టు గానీ మట్టికుండ గానీ వాడాలి. మైలుతుత్తం విషం. ఈ పని పెద్దలు చేయాలి, ఆ బకెట్టు మళ్లీ స్నానానికి వాడకూడదు. తెగులు కొమ్మలని తోటలో వదలకుండా కాల్చేయాలి.

9. ఎవరు చేయాలి?

మనం కాదు. మనలో చాలామందికి చెట్లెక్కడం బాగా వచ్చు. చింతపండు దులిపినవాళ్లం, పనసకాయ కోసినవాళ్లం. కాని ఎండుకొమ్మ పని చెట్టెక్కడం ఒక్కటే కాదు. మా మామ ఎప్పుడూ ఒక మాట అంటాడు: "పచ్చిమండ వంగి సెప్తాదిరా. సచ్చిన మండ సెప్పదు." పచ్చికొమ్మ విరిగే ముందు వంగుతుంది, కిర్రుమంటుంది. ఎండుకొమ్మ ఏ గుర్తూ ఇవ్వకుండా తెగుతుంది. అందుకే ఆయన ఎంత లావైన ఎండుకొమ్మ మీదా కాలు వేయడు. నడుముకి తాడు పచ్చికొమ్మకే కట్టుకుంటాడు. ఎక్కే ముందు తేనెపట్టు, కందిరీగల తుట్టె, పాము ఉన్నాయేమోనని చెట్టు చుట్టూ తిరిగి చూస్తాడు.

పని జరిగేటప్పుడు చెట్టు ఎత్తంత దూరం వరకు ఎవరూ రాకూడదు. దారికి రెండు వైపులా ఒక్కొక్కరు కాపలా ఉండాలి. పైనుంచి అరిచి చెప్పాకే కొమ్మ వదలాలి.

కరెంటు తీగలు దగ్గరగా ఉంటే లైన్‌మన్‌కి చెప్పి సరఫరా ఆపించాకే ఎక్కాలి. తడిసిన కొమ్మ, తడిసిన గెడ కూడా షాకు కొడతాయి.

10. చెట్టే కొట్టేయిస్తే సరిపోదా?

కొమ్మ పడిన దగ్గర్నుంచి పెద్దమామిడిని మొత్తం కొట్టేయించాలని ఒక మాట వినబడుతోంది. పిల్లల ప్రాణాల గురించి భయపడి అంటున్న మాటే కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే చెట్టుని పరీక్షించి నిర్ణయించాలని నా మనవి.

చెట్టే ప్రమాదంలో ఉంటే ఈ గుర్తులుంటాయి: మొదటి దగ్గర పుట్టగొడుగులు, మానులో నిలువు పగులు, చెట్టు కొత్తగా ఒక పక్కకి ఒరిగి వెనకవైపు నేల ఉబ్బడం, మానుని కొడితే డొల్ల చప్పుడు, పైభాగం సగానికి పైగా ఎండిపోవడం. ఇందులో ఏది ఉన్నా ఉద్యానశాఖ వాళ్లనో అటవీశాఖ వాళ్లనో పిలిచి చూపించాలి.

మేం నలుగురం పెద్దమామిడి చుట్టూ తిరిగి చూశాం. మొదట్లో పుట్టగొడుగులు లేవు, పగులు లేదు, ఒరగలేదు. తొమ్మిది పెద్దకొమ్మల్లో రెండు ఎండాయి. ఒకటి గట్టు మీదికి, ఒకటి దారి మీదికి ఉన్నాయి. మిగతా ఏడింటికీ చిగురు ఉంది. మేం పిల్లలం, మా చూపే చివరిమాట కాదు. తెలిసినవాళ్లు ఒకసారి చూసి, ఆ రెండు కొమ్మలు తీయిస్తే సరిపోతుందేమో ఆలోచించమని వార్డెను గారిని కోరుతున్నాను. చెట్టు మొత్తం కొట్టాలంటే వాల్టా చట్టం (2002) ప్రకారం అనుమతి తీసుకోవాలి కూడా.

కొట్టకుండా తలలు నరికి మొండిచేస్తే చాలని ఇంకొందరు అంటున్నారు. అది అన్నిటికంటే చెడ్డది. పెద్ద మొండిగాయాలన్నీ పుచ్చుతాయి. వాటి పక్కనుంచి వచ్చే గుబురు కొమ్మలు బెరడు దగ్గరే అతుక్కుని ఉంటాయి, లోపల బలం ఉండదు. నాలుగైదేళ్లకి అవి లావెక్కి మళ్లీ మన నెత్తినే పడతాయి. ఎండుకొమ్మలు ఎన్నైనా తీయొచ్చు. పచ్చికొమ్మలు మాత్రం ఒక ఏడాదిలో నాలుగోవంతుకి మించి తీయకూడదు.

11. అప్పటిదాకా మనం చేయగలిగింది

ఆ రెండు కొమ్మలు తీసేవరకు పళ్లేలు వంటగది వెనక కుళాయి దగ్గర కడుక్కుందాం. లైను పొడుగవుతుంది, చిన్న తరగతుల వాళ్లని ముందు పంపిద్దాం. పెద్దమామిడి కింద కూచుని చదువుకునేవాళ్లు పనస కిందికి మారండి. దాని కొమ్మలన్నీ పచ్చిగానే ఉన్నాయి, మేం చూశాం.

ప్రతి గదినుంచి ఒకరు ముందుకొస్తే ఆవరణలో పదకొండు పెద్దచెట్లకీ ఒక పట్టిక తయారుచేయొచ్చు. చెట్టు పేరు, ఎండుకొమ్మలు ఎన్ని, వాటి కింద ఏముంది, చూసిన తేదీ. ఏడాదికి రెండుసార్లు, జూలైలో, జనవరిలో. గీతలు కొట్టిన నోటుపుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, ఇస్తాను. ఆదివారం టిఫిన్లయ్యాక గంట దగ్గరికి రండి. చెట్టెక్కే పని లేదు, తల పైకెత్తి చూడటమే.

— 9వ తరగతి విద్యార్థి